ఒక్కో రేణువు లెక్క

నాందేడ్ జిల్లా నాయ్‌గావ్‌లోనైనా, ఇవతల నిజామాబాద్‌లోనైనా డాక్టరు సీబీపీ రక్తపరీక్ష రాస్తే ల్యాబులోని యంత్రం రక్తకణాలను లెక్కపెట్టి కాగితం చేతికిస్తుంది. చాలా యంత్రాల్లో ఆ లెక్క వెనకున్నది అమెరికన్ వాలెస్ కోల్టర్ పద్ధతి. ఉప్పునీటిలో సన్నని రంధ్రం గుండా కరెంటు పారుతుంటుంది. కణం అందులో దూరినంతసేపూ కరెంటు కాస్త తగ్గుతుంది. ఒక తగ్గుదల అంటే ఒక కణం. దీనికి 1953లో పేటెంటు వచ్చింది. 1970లో డీబ్లోయిస్, బీన్ అనే పరిశోధకులు ప్లాస్టిక్ పొరలో ఇంకా సన్నని రంధ్రం చేసి, మైక్రోమీటరు కంటే చిన్న రేణువులనూ ఇలాగే పట్టారు.

అయితే రంధ్రానికి తెలిసేది అడ్డు ఒక్కటే. దూరింది వెండో, ప్లాస్టిక్కో దానికి పట్టదు. రేణువు తన రసాయన స్వభావం తానే చెప్పుకోవాలంటే ఎలక్ట్రోడ్‌ను తాకాలి. ఆ దారి ప్రాగ్‌లో పడింది. యారోస్లావ్ హేరోవ్‌స్కీ 1922లో కనిపెట్టి, 1959లో నోబెల్ అందుకున్న పోలరోగ్రఫీ అనే విశ్లేషణ పద్ధతిలో రాలే పాదరసపు చుక్కే ఎలక్ట్రోడ్. 1950లలో అక్కడి కారెల్ మిత్స్కా, నీటిలో కరగని పొడులు సైతం ఆ చుక్క దగ్గర చర్య జరుపుతాయని చూపాడు. ఈ కథకు అసలు మొదలు అదేనని నా అభిప్రాయం, కొనసాగింపుకే దశాబ్దాలు పట్టింది.

ఆలస్యానికి ఒక కారణం ఎలక్ట్రోడ్ సైజు. ఎలక్ట్రోడ్ పెద్దదైతే దాని సొంత కరెంటు హోరులో ఒక్క రేణువు ఇచ్చే పికోఆంపియర్లు వినబడవు. 1980లలో కొన్ని మైక్రోమీటర్ల సైజు ఎలక్ట్రోడ్లు ప్రచారంలోకి వచ్చాకే ఆ హోరు తగ్గింది. 2004లో డెల్ఫ్ట్‌లో సెర్జ్ లెమే బృందం, లాటెక్స్ పూసలు ఒక్కొక్కటే వచ్చి ఎలక్ట్రోడ్‌ను కప్పుతుంటే కరెంటు మెట్లుమెట్లుగా దిగడం చూసింది. 2007లో టెక్సస్‌లో షియావోయిన్ షియావ్, అలెన్ బార్డ్ దీన్ని తిరగేశారు. తమ ఎలక్ట్రోడ్ మీద సరిగా జరగని చర్య, ప్లాటినం రేణువు వచ్చి అంటుకోగానే దాని మీద జోరుగా సాగుతుంది. రేణువు చిన్నదే అయినా, దాని మీద ఎన్నో అణువులు చర్య జరుపుతాయి కాబట్టి కరెంటు కొలవదగినంత పెరుగుతుంది.

2011లో ఆక్స్‌ఫర్డ్‌లో రిచర్డ్ కాంప్టన్ బృందం చేసింది నాకు అన్నిటికన్నా ముచ్చటేస్తుంది. వాళ్లు ఎలక్ట్రోడ్‌ను తాకిన వెండి రేణువునే కరిగించేశారు. 40 నానోమీటర్ల వెండి గోళంలో దాదాపు 20 లక్షల పరమాణువులుంటాయి. కరుగుతూ ఒక్కోటి ఒక్కో ఎలక్ట్రాన్ వదిలితే మొత్తం ఆవేశం సుమారు 0.3 పికోకూలుంబు. ఆవేశం తెలిస్తే పరమాణువుల సంఖ్య, దాన్నుంచి ఘనపరిమాణం, దాన్నుంచి వ్యాసం. 1830లలో ఫారడే రాసిన సూత్రం ఒక్క రేణువుకు కొలబద్ద అయింది!

ఇది మన ఇళ్లకు దూరమైన విషయమేం కాదు. హైదరాబాద్ బాలాపూర్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ నానోవెండి పూసిన సిరామిక్ క్యాండిల్ ఫిల్టర్‌ను రూపొందించింది. 2009లో వచ్చిన టాటా స్వచ్ఛ్ నీటి ఫిల్టర్‌లో వరి ఊక బూడిద మీద అదే వెండి. ఫిల్టర్ నీటిలోకి వెండి జారితే అది అయాన్ల రూపంలోనా, రేణువులుగానా అన్నది వేరే ప్రశ్న. మొత్తం వెండిని మాత్రమే చెప్పే పరీక్ష దానికి జవాబివ్వదు. రేణువు ఎలక్ట్రోడ్‌ను తాకే ఈ తాకిడి పద్ధతిలో కరెంటు ఒక్కసారిగా ఎగిసేది రేణువు తగిలినప్పుడే. 2013 నాటికి కాంప్టన్ బృందం సముద్రపు నీటిలోనూ దీన్ని పరీక్షించింది.

చిక్కులూ బయటపడ్డాయి. 2017లో హెన్రీ వైట్ తదితరుల ప్రయోగాల్లో వెండి రేణువు ఒక్క దెబ్బకు పూర్తిగా కరగదనీ, తగిలి, వెనక్కి వెళ్లి, మళ్లీ తగులుతూ విడతలుగా కరుగుతుందనీ తేలింది. అంటే మొదటి విడతనే మొత్తమనుకుంటే వ్యాసం తక్కువగా వస్తుంది, విడతలన్నీ వేర్వేరుగా లెక్కపెడితే రేణువుల సంఖ్య పెరుగుతుంది. ఇక నాందేడ్ దాటి బాసర వైపు వచ్చే గోదావరి లాంటి నదీజలమైతే ఒండ్రు, కుళ్లిన ఆకుల సేంద్రియ పదార్థం రేణువుల చుట్టూ పొరలా పేరుకుంటాయి, ఎలక్ట్రోడ్‌కూ అంటుకుంటాయి. పైగా నదీజలంలో ఉప్పు తక్కువ, కరెంటు సరిగా పారదు. అందుకే నమూనాలో ముందు కొంత ఉప్పు కలపాలి. ఉప్పు ఎక్కువైతే రేణువులు గుంపుకట్టి, ఒక్కొక్కటిగా దొరకవు.