రెండు చీటీల నడుమ

బెంగుళూరున మారతహళ్ళికిని వైట్‌ఫీల్డునకును నడుమ చెరువు గల పల్లెయై యుండి, 1990వ దశకాంతమున ఐ.టి. సంస్థలు చుట్టుప్రక్కల వెలసిన పిదప తెలుగువారెందరికో నివాసమైన కుందలహళ్ళిలో, సాయంవేళ మందుల దుకాణముకడ నిలుచున్నచో "అన్నా, గ్యాస్ మాత్ర ఇవ్వండి", "రక్తం మాత్రలు ఒక స్ట్రిప్పు" అను మన మాటలు వినవచ్చును. ఇట్టి చిల్లర మాత్రలకును హెచ్.ఐ.వి. చికిత్సకును సంబంధ మేమని తోచవచ్చును గాని, మందునకు మందు అడ్డుపడు ఈ కథ నిజమునకు క్షయతో మొదలగును.

జాతీయ క్షయ సంస్థ ఈ బెంగుళూరుననే 1959లో నెలకొన్నది. అంతకు రెండేండ్ల ముందే ఫ్రాన్సు దక్షిణతీరపు మట్టినుండి మిలాను పరిశోధకులు రిఫామైసిన్లనెడి యాంటీబయాటిక్కులను వెలికితీసిరి. వానినుండియే 1965లో రిఫాంపిసిన్ పుట్టినది. మూత్రమును నారింజవన్నె చేయు ఈ మందు క్షయక్రిములను హతమార్చుటయే గాక, కాలేయమందలి ఎంజైములను విజృంభింపజేసి, తోడి మందులను అవి తమ పని చేయకమునుపే విరిచివేయును.

దేశమున హెచ్.ఐ.వి. 1986లో మద్రాసున బయల్పడెను. 2004 ఏప్రిల్ 1వ తేదీన ప్రభుత్వము ఎనిమిది ఆసుపత్రులలో ఉచితచికిత్స నారంభించెను. అప్పటి మేళనమున నెవిరాపిన్ ముఖ్యము. రోగులలో ననేకులకు క్షయయు నుండెడిది. రిఫాంపిసిన్ వలన నెవిరాపిన్ రక్తమున క్షీణించుటచే, క్షయచికిత్స జరుగునంతకాలము దాని స్థానమున ఎఫవిరెంజ్ నిచ్చుట ఆచారమయ్యెను. రిటొనవిర్ అను మరియొక హెచ్.ఐ.వి. మందు స్వభావమో తద్విరుద్ధము: అది ఆ ఎంజైములనే బంధించును. వైద్యు లీ దోషమునే గుణముగా మలచుకొని, కొద్ది మోతాదు చేర్చి తోడి మందగు లోపినవిర్‌కు బలము గూర్చిరి. కాని పార్శ్వపుతలనొప్పికి వాడు ఎర్గొటమిన్ దానితో గలసినచో, కాలుసేతుల రక్తనాళములు మూసికొనిపోవు ప్రమాదము గలదు.

నేటి హెచ్.ఐ.వి. మందు డొలుటెగ్రవిర్ మెరుగైనదే. అయినను రిఫాంపిసిన్ తోడున్నచో 50 మిల్లీగ్రాముల మాత్ర దినమునకు రెండుమారులు కావలసివచ్చును. అల్యూమినియము, మెగ్నీషియము గల గ్యాస్ మందునకు రెండుగంటలు ముందుగా గాని ఆరుగంటల తరువాత గాని దానిని మ్రింగవలెను. పరగడుపున ఇనుము, కాల్షియము మాత్రలకును ఇదే నియమము. మధుమేహమునకు వాడు మెట్‌ఫార్మిన్ డొలుటెగ్రవిర్ వలన రక్తమున హెచ్చును గనుక, సాధారణముగా దినమునకు 1000 మిల్లీగ్రాములు మించనీయరు.

ఇన్ని నియమము లెరిగిన వైద్యుడు సయితము, రోగి దాచిన చీటీని చదువజాలడు. ఏ.ఆర్.టి. (హెచ్.ఐ.వి. చికిత్స) కేంద్రపు పుస్తకమును షుగరు వైద్యునికి చూపక మడిచి పెట్టుకొనువారిని నేను తప్పుపట్టలేను. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టము వారి గోప్యతను కాపాడుచున్నది, లోకము కాపాడుట లేదు.