టూరిస్టు వీసా: మూడు అనుమానాల చరిత్ర

పిల్లల దగ్గర నాలుగు నెలలు గడిపి వద్దామని అమెరికా బయల్దేరే రిటైర్డు టీచరైనా సరే, డీఎస్‌-160 వీసా దరఖాస్తు ఫారం చివర్లో కొన్ని విచిత్రమైన ప్రశ్నలు దాటి వెళ్లాలి. గూఢచర్యం చేసే ఉద్దేశం ఉందా? ఉగ్రవాద కార్యకలాపాల్లో ఎప్పుడైనా పాల్గొన్నారా? జాతి సంహారంలో మీ చేయి ఉందా? అన్నిటికీ ‘నో’ నొక్కుకుంటూ పోవడమే. ఔనని ఒప్పుకునే గూఢచారి ఎక్కడైనా ఉంటాడా అని మనవాళ్లు నవ్వుకుంటారు గానీ, ఆ ప్రశ్నలు ఊరికే పెట్టినవి కావు. చెప్పింది అబద్ధమని తర్వాత తేలితే వీసా రద్దు చేయడానికి అదొక్కటే చాలు. నాకు ఆసక్తి కలిగించేది వేరే సంగతి. ఆ ప్రశ్నల్లో ఒక్కటి కూడా ఊళ్లు చూడటానికి వెళ్లే మనిషిని ఉద్దేశించి పుట్టలేదు. టూరిస్టు వీసా దరఖాస్తు పాత ఇంటికి వసారాలు దించుకుంటూ పోయినట్టు పెరిగింది. మొదట గూఢచారి మీద అనుమానం, తర్వాత బతుకుతెరువు కోసం వచ్చే పేదవాడి మీద, ఈ శతాబ్దంలో ఉగ్రవాది మీద. కొత్తది వచ్చినప్పుడు పాతదాన్ని పడగొట్టలేదు. ఈ మూడింటిలో నేటికీ అసలు పని చేస్తున్నది నడిమిదేనని, మిగతా రెండూ దానికి గౌరవప్రదమైన ముసుగుగా పనికొస్తున్నాయని నా వాదన.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు యూరప్‌లో చాలా దేశాల మధ్య తిరగడానికి పాస్‌పోర్టే అడిగేవారు కాదు. రైళ్లు వచ్చి ప్రయాణికులు వేలల్లో పెరిగాక సరిహద్దులో ఒక్కొక్కరి కాగితాలు చూడటం కుదరని పనైంది. ఫ్రాన్స్ 1861లోనే ఆ నిబంధన ఎత్తేసింది. రష్యా, ఒట్టోమన్ సామ్రాజ్యం మాత్రం పట్టు విడవలేదు. ఈ కాలాన్ని స్వేచ్ఛాయుగమని మురిసిపోయేవారు ఒకటి మరిచిపోతారు. ఆ స్వేచ్ఛ తెల్లవారిది. అమెరికా 1882లోనే చైనా కూలీలకు తలుపులు మూసింది. భారతీయులు రాకుండా కెనడా 1908లో తెలివైన మెలిక పెట్టింది: పుట్టిన దేశం నుంచి ఎక్కడా ఆగకుండా నేరుగా వస్తేనే ప్రవేశం. 1914లో 376 మంది ప్రయాణికులతో వాంకూవర్ చేరిన కొమగాట మారు ఓడను రెండు నెలలు నీళ్లలోనే నిలబెట్టి, అతి కొద్దిమందిని తప్ప అందరినీ వెనక్కి పంపింది. మన తీరంలో కథ మరో రకం. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి రంగూన్ వెళ్లిన తెలుగు కూలీలకు పాస్‌పోర్టు అవసరం రాలేదు, బర్మా అప్పటికి బ్రిటిష్ ఇండియాలో భాగం కాబట్టి. 1937లో బర్మాను విడదీశాక నాలుగేళ్లకే వలసలపై ఒప్పందం కుదిరి, అదే ప్రయాణానికి అనుమతి పత్రాలు కావాలన్నారు. మారింది మనుషులూ కాదు, ఓడలూ కాదు. మధ్యలో గీత గీశారు, అంతే.

1914లో యుద్ధం మొదలైంది. శత్రుదేశపు గూఢచారి ఏ వేషంలోనైనా రావచ్చన్న భయంతో దేశాలన్నీ పాస్‌పోర్టును, దాని మీద వీసాను తప్పనిసరి చేశాయి. అమెరికా 1917లో ఆ దారి పట్టింది. యుద్ధం ముగిశాక ఇవన్నీ పోతాయనే అందరూ అనుకున్నారు. నానాజాతి సమితి 1920లో పారిస్‌లో జరిపిన సమావేశం పాస్‌పోర్టుకు ఒక నమూనా ఇస్తూనే, ఈ ఆంక్షలు పూర్తిగా తొలగే రోజు రావాలని ఆకాంక్షించింది. 1926లో జెనీవాలో మరోసారి కూర్చుని వీసాల రద్దు గురించే మాట్లాడారు. సరిగ్గా ఆ పారిస్ సమావేశం జరిగిన ఏడే మన దేశంలో పాస్‌పోర్టు (భారత ప్రవేశ) చట్టం వచ్చింది. తాత్కాలికం అనుకున్నది శాశ్వతమైంది. గూఢచారి వెళ్లిపోయినా వీసా ఎందుకు ఉండిపోయింది? అది మరో పనికి చక్కగా పనికొస్తుందని ప్రభుత్వాలు కనిపెట్టాయి గనుక. అమెరికా 1924 వలస చట్టం ఆ పనిని బయటపెట్టింది. అంతకుముందు ఓడ దిగాక న్యూయార్క్ రేవులో జరిగే వడపోతను ఆ చట్టం సముద్రానికి ఇవతల, కాన్సులేటు కౌంటర్‌కు మార్చింది. వీసా లేని వలసదారును ఎక్కించుకొచ్చిన ఓడల కంపెనీకి జరిమానా. దాంతో టికెట్ అమ్మే గుమాస్తా కూడా సరిహద్దు కాపలాదారు అయ్యాడు. వద్దని చెప్పే మాట ఇప్పుడు ఆ మనిషి సొంత ఊళ్లోనే చెప్పేయవచ్చు. మరో ఓడ నీళ్లలో నిలబడి పత్రికలకెక్కే ప్రమాదం లేదు.

1952 నాటి అమెరికా వలస, జాతీయతా చట్టంలోని 214(బి) క్లాజు ఈ ఏర్పాటుకు మెదడులాంటిది. దాని ప్రకారం టూరిస్టు వీసాకు దరఖాస్తు చేసే ప్రతి మనిషినీ, కాదని రుజువయ్యేదాకా, అక్కడే స్థిరపడటానికి వచ్చేవాడిగానే భావించాలి. రుజువు చేయాల్సిన భారం దరఖాస్తుదారుదే. నేరం మోపినవాడు నిరూపించాలన్న కోర్టు సూత్రానికి ఇది తలకిందులు. రాబోయే కాలంలో తాను ఏం చేయడో ఎవరైనా ఎలా నిరూపిస్తారు? నిరూపించలేరు గనుకే దానికి బదులుగా ఆస్తిని చూపిస్తారు. హైదరాబాద్‌లో వీసా ఫైలు సిద్ధం చేసే ఏ ఏజెంటునైనా అడగండి: బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, ఉద్యోగమైతే సెలవు మంజూరు లేఖ, పొలం ఉంటే పాస్‌పుస్తకం, ఇంటి విలువ మీద చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్. యూరప్ దేశాల ఉమ్మడి వీసా అయిన షెంజెన్‌కైతే వీటికి తోడు 30,000 యూరోల వైద్య బీమా. ఇంటర్వ్యూకు నెల ముందు అప్పు తెచ్చి అకౌంటులో వేసిన డబ్బును అధికారులు ఇట్టే పసిగడతారని ఆ ఏజెంటే హెచ్చరిస్తాడు. ఈ ఫైలులో గూఢచారిని గానీ ఉగ్రవాదిని గానీ పట్టించే కాగితం ఏది? ఒక్కటీ లేదు. అది ఆద్యంతం పేదవాడిని ఏరివేసే ఫైలు. చిలుకూరు బాలాజీ చుట్టూ 11 ప్రదక్షిణలు చేసి, వీసా వస్తే 108 చేస్తామని మొక్కుకునేవారిని చూసి వెక్కిరించడం తేలికే. రెండు మూడు నిమిషాల ఇంటర్వ్యూలో, కారణం వివరంగా చెప్పనక్కర్లేని అధికారి ముందు నిలబడేవాడికి దేవుడు తప్ప అప్పీలు ఎక్కడుంది? ఆ విషయంలో షెంజెన్ దేశాలు నయం. కారణాన్ని ముద్రించిన ఫారంలో టిక్కు పెట్టి ఇస్తారు, అప్పీలుకూ వీలుంటుంది. కట్టిన ఫీజు మాత్రం ఎక్కడా తిరిగి రాదు.

ఈ వడపోత ఎవరికోసమో 1986 ఒక్క ఏడాదిని చూస్తే తెలుస్తుంది. అప్పటిదాకా కామన్వెల్తు పౌరులుగా భారతీయులు బ్రిటన్ చూడటానికి వీసా లేకుండానే వెళ్లేవారు. ఆ ఏడాది భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఘనా, నైజీరియా పౌరులకు బ్రిటన్ వీసా విధించింది. అదే ఏడాది అమెరికా చేసిన చట్టం కొన్ని దేశాల టూరిస్టులకు వీసా మినహాయింపుకు దారి తెరిచింది. 1988లో ఆ సౌకర్యం మొదట అందుకున్న దేశాలు బ్రిటన్, జపాన్.

భద్రత మాటేమిటని అడిగేవారుంటారు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత వేలిముద్రలు, ముఖాముఖి ఇంటర్వ్యూలు తప్పనిసరి అయ్యాయి కదా? నిజమే. అయితే ఆ 19 మంది హైజాకర్లూ వీసాలు తీసుకునే వచ్చారు, అందులో ఎక్కువ మందివి టూరిస్టు, వ్యాపార వీసాలే. వాళ్లకు అడ్డుపడగలిగింది నిఘా సంస్థలు ఒకదానికొకటి సమాచారం ఇచ్చుకోవడమే గానీ బ్యాంకు స్టేట్‌మెంటు కాదు. గడువు దాటి ఉండిపోయేవారు లేరా అన్నది ఇంతకంటే గట్టి అభ్యంతరం. ఉన్నారు, మనవాళ్లలోనూ ఉన్నారు. ఏ దేశమైనా తన గడప దాటేవారిని లెక్క చూసుకునే హక్కును నేను కాదనను. కానీ కొందరు ఉండిపోతారన్న అంచనాతో దేశం పేరునూ ఆస్తినీ బట్టి అందరి మీదా ముందే తీర్పు చెప్పడం లెక్క చూసుకోవడం కాదు. మనమూ తక్కువ తినలేదు. భారత్ 2014 నవంబరులో ఆన్‌లైన్ వీసా తెచ్చేదాకా విదేశీ టూరిస్టులను మన కాన్సులేట్లు తిప్పిన తిప్పలు తక్కువేమీ కావు. అది తెచ్చాక కొంప మునగలేదు కూడా. టూరిస్టుల ఖర్చు కావాలనుకున్న థాయిలాండ్ 2023 నవంబరులో, మలేసియా ఆ మరుసటి నెలలో భారతీయులకు వీసానే తీసేశాయి. అవసరం తమదైనప్పుడు అనుమానం ఎంత త్వరగా కరిగిపోతుందో!

ఇప్పుడు మినహాయింపు ఉన్నవారికీ ముందస్తు అనుమతి వచ్చి పడుతోంది. అమెరికా వెళ్లే బ్రిటన్ పౌరులు 2009 నుంచి ఎస్టా ఫారం నింపుతున్నారు. బ్రిటన్ వెళ్లే అమెరికన్లు 2025 జనవరి నుంచి, యూరోపియన్లు ఆ ఏప్రిల్ నుంచి ఈటీఏ తీసుకోవాలి. నేరచరిత్ర, ఉగ్రవాద సంబంధాల గురించిన ప్రశ్నలు వాటిలోనూ ఉన్నాయి, పాస్‌పోర్టు వివరాలను నిఘా జాబితాలతో సరిపోల్చడమూ ఉంది. ఎక్కువ మందికి జవాబు గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో ఫోన్‌కే వచ్చేస్తుంది. జీతం స్లిప్పు, పొలం పాస్‌పుస్తకం వాళ్లను ఎవరూ అడగరు.