సైబరాబాద్‌కు అంతర్రాష్ట్ర హరిత విద్యుత్తు

మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం అద్దాల మేడలు వాడే కరెంటు ఎక్కడో పుట్టి ఇక్కడికి రావాల్సిందే. నీటితో తయారైన కరెంటును పొరుగు రాష్ట్రంతో పంచుకునే ఆనవాయితీ అయితే ఆ మేడల కన్నా చాలా పాతది. ఒడిశాతో ఉమ్మడిగా కట్టిన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. తుంగభద్ర కరెంటును ఆంధ్ర, కర్ణాటక 80:20 పాళ్లలో పంచుకున్నాయి. ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాల సమన్వయానికి 1964లో దక్షిణ ప్రాంతీయ విద్యుత్ మండలి ఏర్పడింది.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి దక్షిణాది గ్రిడ్ ఇంకా విడిగానే ఉంది. మిగతా దేశంతో ఫ్రీక్వెన్సీ కలవదు కాబట్టి ఏసీ లైన్లతో నేరుగా కలపడం కుదరదు. కరెంటును డీసీగా మార్చి, మళ్లీ ఏసీ చేసి అందుకోవాలి. మహారాష్ట్ర సరిహద్దులో రామగుండం వైపు, ఒడిశా నుంచి గాజువాక దగ్గర చేసింది అదే. ఈ దారులు ఇరుకు. ఉత్తరాదిన మిగులున్నా ఇక్కడ పరిశ్రమలకు పవర్ హాలిడేలు తప్పలేదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైన్ రెండు గ్రిడ్లనూ కలిపింది. ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే. కింద చెప్పే కొనుగోళ్లు, ఒప్పందాలన్నీ దీని తర్వాతే.

2014 విభజనలో తెలంగాణకు 53.89 శాతం విద్యుత్తు వాటా దక్కినా, పోలవరం ముంపు మండలాలతోపాటు దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది. బకాయిల పేచీతో 2017 జూన్‌లో రెండు రాష్ట్రాల మధ్య థర్మల్ విద్యుత్తు పంపకమూ ఆగింది. ఈలోగా వార్ధా–నిజామాబాద్–మహేశ్వరం 765 కేవీ లైన్ వచ్చింది. తెలంగాణ ఈ దారి కోరుకున్నది ఛత్తీస్‌గఢ్ బొగ్గు కరెంటు కోసమే. కానీ తీగకు బొగ్గు, ఎండ అన్న తేడా లేదు. రాజస్థాన్‌లోని ఎన్‌టీపీసీ సౌర కేంద్రాల నుంచి రాష్ట్రం కొన్న కరెంటూ జాతీయ గ్రిడ్‌లో కలిసే వస్తుంది. ఎవరి వాటా ఎంతో తేల్చేది 15 నిమిషాలకో షెడ్యూలు, సరిహద్దు మీటర్లు.

ఇలా వచ్చిన కరెంటును దించుకోవాల్సిన ఐటీ కారిడార్‌లో స్థలం బంగారం. అందుకే రాయదుర్గంలో 400 కేవీ సబ్‌స్టేషన్‌ను గ్యాస్ ఇన్సులేషన్‌తో కట్టారు. గాలిలో మీటర్ల ఎడం కావాల్సిన పరికరాలు సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ నింపిన గొట్టాల్లో దగ్గరదగ్గరగా ఇమిడిపోతాయి. ఆ వాయువు లీకైతే భూతాపాన్ని కార్బన్ డయాక్సైడ్ కన్నా వేల రెట్లు పెంచుతుందన్న సంగతి హరిత ప్రచారాల్లో అంతగా వినపడదు.

రాత్రి షిఫ్టులకు ఎండ పనికిరాదు, జలవిద్యుత్తు కావాలి. 2025 మార్చిలో తెలంగాణ హిమాచల్ ప్రదేశ్‌తో సేలి (400 మెగావాట్లు), మియార్ (120 మెగావాట్లు) ప్రాజెక్టులకు ఒప్పందం చేసుకుంది. రెండూ చీనాబ్ పరీవాహకంలోనివి, ఇంకా కట్టాల్సినవి.