ముద్ఖేడ్‌ వాళ్ళ జూ పార్క్

ముద్ఖేడ్ మహారాష్ట్రలోని ఊరు. అయినా పిల్లలకు జూ చూపించాలంటే మా తెలుగు ఇళ్ళవాళ్ళు ఎక్కేది నిజామాబాద్ మీదుగా పోయే రైలే. ఇదే లైను మీద రెండో వైపు పోతే ఔరంగాబాద్‌లో సిద్ధార్థ ఉద్యానం ఉంది, అక్కడా పులులున్నాయి. కానీ ముసలీ ముతకా సహా ఇల్లంతా సద్ది కట్టుకుని బయలుదేరేది మాత్రం హైదరాబాద్‌కే. ఇది ఒక తరం అలవాటు కాదు. దీని వెనక మా ఊరి చరిత్ర ఉంది.

1900 ప్రాంతంలో హైదరాబాద్ నుంచి మన్మాడ్ దాకా గోదావరి లోయ వెంట నిజాం హయాంలో మీటర్ గేజ్ లైను పడింది. తర్వాత ఆదిలాబాద్ లైను ఇక్కడే చీలడంతో ముద్ఖేడ్ జంక్షన్ అయింది. 1948 సెప్టెంబర్ దాకా మేం నిజాం పాలనలో ఉన్నాం. 1956 నవంబర్ 1 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆ తర్వాత బొంబాయి రాష్ట్రంలో ఉన్నాం. 1960 మే 1 నుంచి మహారాష్ట్ర. 1956లో గీతలు గీసినప్పుడు ముధోల్ తాలూకా నాందేడ్ జిల్లా నుంచి ఆదిలాబాద్‌కు పోయింది. అంటే బాసర సరస్వతమ్మ అంతకుముందు మా జిల్లా దేవతే. పిల్లలకు అక్షరాభ్యాసం ఈనాటికీ అక్కడే చేయిస్తాం. రైల్వే లెక్కలో అయితే, 2003లో నాందేడ్ డివిజన్ ఏర్పడేదాకా మా స్టేషన్ హైదరాబాద్ డివిజన్ కిందే నడిచింది. రాష్ట్రం మారింది గానీ రైలు దారి మారలేదు.

మా నాయినమ్మ తరానికి ఇప్పటి జూ తెలియదు. వాళ్ళు చూసింది నాంపల్లిలోని బాగ్-ఎ-ఆమ్‌ను. దాన్నే పబ్లిక్ గార్డెన్స్ అంటారు. తోటలోనే జంతువుల్ని ఉంచేవారు. కోర్టు పని మీదనో ఆసుపత్రి పని మీదనో పట్నం పోయినవాళ్ళు తిరుగు రైలుకు ముందు అక్కడికి వెళ్ళి ఏనుగును చూసి వచ్చేవాళ్ళు. ఊళ్ళోకి వచ్చాక అరుగుల మీద ఆ ముచ్చట వారం రోజులు సాగేదట.

కొత్త జూకి 1959లో పునాది పడింది. 1963 అక్టోబర్ 6న జనానికి తలుపులు తెరిచారు. బహదూర్‌పురాలో, మీర్ ఆలం చెరువు పక్కన, 380 ఎకరాలు. ఆ చెరువు కట్టను తప్పక చూడాలి. నీటి బరువును ఆపడానికి 21 కమానులను వరసగా నిలబెట్టి 19వ శతాబ్దం మొదట్లో కట్టారు. జంతువులను ఇనుప బోనుల్లో కుక్కకుండా, కందకాలు తవ్వి, వాటి అవతల చెట్టూ చేమా మధ్య వదిలారు. సింహాల సఫారీ 1974లో వచ్చింది.

బాగ్-ఎ-ఆమ్ నుంచి కొత్త చోటికి తరలిన జంతువుల్లో రెండింటి గురించి చెప్పాలి. ఒకటి రాణి అనే ఏనుగు. జూ రికార్డుల ప్రకారం 1938లో పుట్టింది. ఎనభై ఏళ్ళు దాటి బతికి 2020 జూన్‌లో చనిపోయింది. రెండోది చాణక్య, గలాపగోస్ దీవుల జాతి తాబేలు. అది 2024 మార్చిలో చనిపోయినప్పుడు వయసు 125 ఏళ్ళని జూ వాళ్ళు చెప్పారు. అంటే మా రైలు లైను పడుతున్న కాలంలో పుట్టిన ప్రాణి. మా ఇంట్లో ముత్తాత దగ్గర్నుంచి నా పిల్లల దాకా అందరూ ఆ ఒక్క తాబేలు బతికిన కాలంలో బతికినవాళ్ళే. నిజాం రాజ్యం పోవడం, హైదరాబాద్ రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రావడం అన్నీ దాని కళ్ళ ముందే జరిగాయి.

నేను మొదటిసారి చాణక్యను చూసినప్పుడు అది మెడ చాచి ఆకుకూర తింటోంది. ఒక్కో ఆకును అందుకుని, కాసేపు ఆగి, మెల్లగా నమిలి మింగేది. మెడ ముడతల మధ్య దుమ్ము పట్టి ఉంది. మా బాపు మమ్మల్ని తొందరపెట్టలేదు. సింహాల బండికి ఆలస్యమైనా పర్వాలేదని అక్కడే నిలబెట్టి, "మీ తాత కూడా దీన్ని చూసిండు" అన్నాడు. జాలీ కిటికీల బండిలోంచి చూసిన సింహాలు నాకిప్పుడు సరిగా గుర్తు లేవు. ఆ మాట మాత్రం గుర్తుంది.

రాత్రిపూట తిరిగే జంతువుల కోసం కట్టిన చీకటి ఇల్లు కూడా మా పిల్లలకు ఇష్టం. అక్కడ పగలును రాత్రిగా మార్చి పెడతారు. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఓపిక పడితేనే ఏదైనా కనబడుతుంది. ఫోన్ లైటు వేసేవాళ్ళ వల్ల అటు జంతువులకూ ఇటు మనకూ నష్టమే.

జూ అంటే చూసి వచ్చే చోటు మాత్రమే అనుకోకూడదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలతో కలిసి ఇక్కడ మూషిక జింకలను పెంచి నల్లమల అడవిలో వదిలారు. కుందేలంత చిన్న జంతువు అది. 2021 మేలో ఎనిమిది సింహాలకు కరోనా సోకినట్టు తేలిందీ ఇక్కడే, దేశంలో అదే మొదటిసారి. అవి కోలుకున్నాయన్న వార్త వచ్చేదాకా మా ఇంట్లో పిల్లలు రోజూ అడిగేవాళ్ళు.

ఇప్పుడు బ్రాడ్ గేజ్ వచ్చింది, ప్రయాణం తేలికైంది. అయితే పాత ప్రయాణాల గుర్తులు ఇళ్ళలో చెదలు పట్టిపోతున్నాయి. బాగ్-ఎ-ఆమ్‌లోనో జూలోనో తీయించుకున్న ఫోటో ముద్ఖేడ్‌లో మీ ఇంట్లో ఉంటే, దాని వెనక ఏ సంవత్సరమో, అందులో ఎవరెవరున్నారో ఈ వారమే రాయించి పెట్టండి. చెప్పగలిగిన పెద్దవాళ్ళు మన మధ్య ఇంకా కొందరే మిగిలారు.