యమునా తీరాన అశోకుని అక్షరాలు

ఢిల్లీ అనగానే సందర్శకునికి ముందుగా స్ఫురించేవి ఎర్రకోట, కుతుబ్ మీనారు, హుమాయూన్ సమాధి. బౌద్ధ క్షేత్రాలు చూడదలచిన యాత్రికుడు ఈ నగరంలో దిగి, ఆ వెంటనే సారనాథ్‌కో బుద్ధగయకో ప్రయాణమవుతాడు. అయితే నగరం పొలిమేర దాటకుండానే, ఒక్క పగటివేళలో, అశోక చక్రవర్తి శాసనాలను మూడు చోట్ల చూడవచ్చునన్న సంగతి చాలామందికి తెలియదు. వాటిలో ఒకటి చెక్కినచోటనే ఉండిపోయిన బండ. రెండవది నదిమీద పడవలపై వచ్చిన స్తంభం. మూడవది ముక్కలై తిరిగి అతకబడిన స్తంభం. ఈ మూడింటినీ వరుసగా చూసినవారికి మౌర్యుల చరిత్రతోబాటు మరొక చరిత్ర కూడ బోధపడుతుంది. తమకు అర్థంకాని అక్షరాలను మనుషులు ఎలా కాపాడుకుంటూ వచ్చారన్నదే ఆ చరిత్ర.

యాత్రను దక్షిణ ఢిల్లీ నుండి ప్రారంభించడం సముచితం. కాల్కాజీ ఆలయానికి సమీపంలో, ఈస్ట్ ఆఫ్ కైలాష్ నివాస ప్రాంతంలో, ఆరావళి పర్వతశ్రేణి చివరి రాళ్లు అక్కడక్కడ పైకి తేలి కనిపిస్తాయి. పూర్వం ఇది బహాపూర్ గ్రామ పరిసరం. 1966లో ఇళ్ల నిర్మాణానికి ఈ నేలను చదును చేస్తున్న సందర్భంలో ఒక ఏటవాలు బండమీద అక్షరాలు బయటపడ్డాయి. పరిశీలించగా అవి బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో, పది పంక్తులలో ఉన్న అశోకుని లఘు శిలాశాసనమని తేలింది. ఆ అక్షరాలు ఎవరి కంటా పడకుండా ఉంటే ఆ బండ కూడ కంకరగా మారి ఏదో ఒక ఇంటి పునాదిలో కలిసిపోయి ఉండేది. నేడు దానిపై కాంక్రీటు కప్పు, చుట్టూ ఇనుప కటకటాలు ఉన్నాయి. పంక్తులు బాగా అరిగిపోయాయి. ఉదయపు ఎండ ఏటవాలుగా పడినప్పుడు మాత్రమే కొన్ని అక్షరాలు కంటికి ఆనుతాయి.

ఈ శాసనంలో చక్రవర్తి తన గురించి తానే చెప్పుకొన్నాడు. ఉపాసకుడై రెండున్నర ఏళ్లు దాటినా మొదటి ఏడాది తాను గట్టిగా కృషి చేయలేదనీ, సంఘాన్ని ఆశ్రయించిన తరువాతనే పట్టుదలతో పాటుపడ్డాననీ ఒప్పుకొన్నాడు. ఈ ఫలం గొప్పవారికే పరిమితం కాదనీ, చిన్నవారు కూడ ప్రయత్నిస్తే స్వర్గాన్ని పొందగలరనీ ప్రకటించాడు. విశేషమేమంటే, ఇదే సందేశం ఇక్కడికి దాదాపు 1,500 కిలోమీటర్ల దూరాన ఉన్న కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలమీద కూడ ఉంది. అక్కడ లేఖకుడు కొన్ని పంక్తులను ఎడమనుండి కుడికీ, మరికొన్నింటిని కుడినుండి ఎడమకూ చెక్కాడు. తల్లిదండ్రులను సేవించాలి, గురువును గౌరవించాలి, సత్యం పలకాలి అన్న హితవులు ఎర్రగుడిలో అదనంగా ఉన్నాయి. ఆంధ్రదేశపు పశువుల కాపరి, యమునాతీరపు బాటసారి ఒకే రాజు మాటను వినవలసినవారుగా పరిగణింపబడ్డారన్నమాట.

బండమీద శాసనం చెక్కించాలంటే అక్కడ జనసంచారం ఉండి తీరాలి. అందువలన బహాపూర్ ఒక ప్రాచీన రహదారి పక్కన ఉండేదని పండితులు ఊహించారు. అక్కడినుండి ఉత్తరంగా సాగితే వచ్చే పురానా కిలా ఈ ఊహకు బలం చేకూరుస్తుంది. 1954–55లోనూ, 1969–73లోనూ అక్కడ జరిగిన తవ్వకాలలో మౌర్యకాలపు నివాసాల ఆనవాళ్లు, నల్లని మెరుపుగల మట్టిపాత్రల పెంకులు, ఒరలు దించిన బావులు వెలువడ్డాయి. అశోకుని నాటికే ఈ నేలమీద ఊరు ఉన్నదని చెప్పడానికి ఇవి చాలు.

అక్కడికి కొద్ది దూరంలోనే ఫిరోజ్ షా కోట్లా ఉంది. తుగ్లక్ వంశీయుడైన సుల్తాన్ ఫిరోజ్ షా (1351–1388) నిర్మించిన ఫిరోజాబాదు నగరానికి ఇది కోట. మెట్లుమెట్లుగా పైకి లేచిన మూడంతస్తుల రాతికట్టడంపై సుమారు 13 మీటర్ల ఏకశిలాస్తంభం నిలిచి ఉంది. నునుపైన దాని మెరుగు ఇరవైరెండు శతాబ్దాల ఎండావానలకు కూడ పూర్తిగా మాయలేదు. నేటి హర్యానాలోని తోప్రా గ్రామంలో దీనిని చూసి సుల్తాన్ ముగ్ధుడైనాడు. దానిని ఢిల్లీకి తెప్పించిన తీరును చరిత్రకారుడు షమ్స్-ఇ-సిరాజ్ అఫీఫ్ సవిస్తరంగా వర్ణించాడు. అప్పటికి తాను పన్నెండేళ్ల బాలుడినని కూడ రాసుకొన్నాడు.

స్తంభం మొదలు తవ్వేముందు చుట్టూ బూరుగుదూది పరుపులు పేర్చారు. స్తంభం వాటిమీదికి మెల్లగా ఒరిగింది. తరువాత దానికి పైనుంచి కిందివరకు రెల్లు, పచ్చితోళ్లు చుట్టారు. నలభైరెండు చక్రాల బండి తయారైంది. ఒక్కొక్క చక్రానికి ఒక మోకు, ఒక్కొక్క మోకుకు రెండు వందలమంది చొప్పున పట్టి యమున ఒడ్డుకు లాగారు. వేలాది మణుగుల ధాన్యం మోసే పెద్ద పడవలను జతచేసి, వాటిమీద స్తంభాన్ని నది వెంట ఫిరోజాబాదుకు చేర్చారు. ఆ కాలంలో యమున కోటగోడలను ఒరుసుకొని ప్రవహించేది. తరువాతి కాలంలో నది తూర్పుకు జరిగిపోయింది. నేడు కోటకూ నదికీ మధ్య రింగురోడ్డు, వాహనాల రద్దీ అడ్డువచ్చాయి.

ఇంత శ్రమించి తెచ్చినదానిపై ఏమి రాసి ఉందో సుల్తానుకు తెలియదు. పండితులను పిలిపించినా చదవగలిగినవారు లేకపోయారు. స్థానికులు దానిని భీమసేనుడి కర్ర అనుకొనేవారు. 17వ శతాబ్ది ఆరంభంలో వచ్చిన ఆంగ్ల యాత్రికుడు థామస్ కోర్యాట్ అది అలెగ్జాండర్ నిలిపిన విజయస్తంభమని భావించాడు. చివరకు 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపి రహస్యాన్ని ఛేదించి, ఈ స్తంభంలోని మాటలను లోకానికి వినిపించాడు. ‘పియదసి’ అన్న రాజు అశోకుడేనని సింహళ గ్రంథాల ఆధారంతో జార్జి టర్నర్ గుర్తించాడు. అశోకుని స్తంభశాసనాలలో ఏడవది ఈ ఒక్క స్తంభంమీదనే లభించింది. దారుల వెంట మర్రిచెట్లు నాటించడం, మామిడితోటలు పెంచడం, బావులు తవ్వించడం, విశ్రాంతి గృహాలు, చలివేంద్రాలు ఏర్పరచడం అందులో చెప్పబడ్డాయి. ఈ ధర్మలిపి చిరకాలం నిలవాలని, శిలాస్తంభాలు, శిలాఫలకాలు ఉన్నచోటనెల్ల దీనిని చెక్కించాలని కూడ అందులో ఆజ్ఞ ఉంది. ఆ ఆజ్ఞను చదవలేని సుల్తానే దానిని అక్షరాలా నెరవేర్చాడు. ఆనాడు పరుపులు పరచి, తోళ్లు చుట్టకపోయి ఉంటే ప్రిన్సెప్‌కు చదవడానికి ఇంత చక్కని ప్రతి మిగిలేది కాదు.

కోట్లాలో మరొక దృశ్యం చూపరులను ఆకట్టుకొంటుంది. గురువారాలలో సామాన్యజనం ఇక్కడికి వచ్చి, శిథిలమైన గదులలో దీపాలు, అగరువత్తులు వెలిగించి, తమ కష్టాలను కాగితంపై రాసి అక్కడ నివసించే జిన్నులకు విన్నవించుకొంటారు. ప్రజల క్షేమం కోసం ఒక రాజు రాయించిన శాసనం పైన, రాజుకు చెప్పుకొన్నట్లే ప్రజలు రాసిన అర్జీలు కింద ఉంటాయి. ఆ రెంటి మధ్య రెండు వేల ఏళ్ల దూరం ఉంది.

మధ్యాహ్నం తరువాత ఉత్తరపు గుట్టలమీదికి వెళ్లాలి. హిందూరావు ఆసుపత్రి సమీపంలో చెట్లమధ్య రెండవ స్తంభం ఉంది. దీనిని కూడ ఫిరోజ్ షాయే మీరట్ నుండి తెప్పించి తన వేటమందిరం వద్ద నిలిపాడు. ఫరూఖ్‌సియర్ పాలనలో (1713–1719) మందుగుండు పేలి ఇది అయిదు ముక్కలైంది. శాసనం ఉన్న భాగం కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీకి తరలి, 1866లో తిరిగి వచ్చింది. 1867లో ముక్కలను కలిపి మళ్లీ నిలబెట్టారు. తోప్రా స్తంభపు నిగారింపు దీనికి లేదు. అతుకులు స్పష్టంగా కనిపిస్తాయి. నిర్లక్ష్యం ఎంత నష్టం చేయగలదో, శ్రద్ధ దానిని ఎంతవరకు సరిదిద్దగలదో ఆ అతుకులే చెబుతాయి.

తెలుగు పాఠకునికి ఈ సందర్భంలో నాగార్జునకొండ గుర్తుకు రాక మానదు. కృష్ణానదిపై సాగరం నిండకముందు, 1954–60 మధ్య, ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన ఆ లోయ అంతటా తవ్వకాలు సాగాయి. ఇక్ష్వాకుల నాటి కట్టడాలు కొన్నింటిని రాయి రాయిగా విప్పి కొండమీదను, అనుపు వద్దను తిరిగి నిర్మించారు. మిగిలిన లోయ నీటిలో మునిగింది. యమున ఒక స్తంభాన్ని మోసి తెచ్చింది. కృష్ణ ఒక విద్యానగరాన్ని కప్పివేసింది. రెండుచోట్లా నిలిచినది, ఎవరో ఒకరు సకాలంలో చేయి వేసి కదిలించినదే. బహాపూర్ బండ మాత్రం కదలలేదు. ఒక రాజు మాట ఏ దారి పక్కన, ఏ జనం కోసం పలికిందో ఖచ్చితంగా చూపగలిగినది, ఈ నగరంలోని మూడింటిలో అదొక్కటే.

సాయంకాలానికి యాత్ర యమున ఒడ్డుకు చేరుతుంది. కాశ్మీరీ గేటు బస్సు స్టేషనుకు దాపున లద్దాఖ్ బుద్ధ విహారం, మరికొంత ఎగువన మజ్నూ కా టీలా వద్ద టిబెటన్ల నివాసం ఉన్నాయి. స్వస్థలాలకు దూరమైనవారు అక్కడ నేటికీ దీపం వెలిగించి త్రిశరణాలు పఠిస్తున్నారు. చలికాలపు ఉదయాలలో ఈ రేవులవద్ద వలస వచ్చిన తెల్లని గల్ పక్షులు గుంపులుగా నీటిమీద వాలుతాయి. వాటి కింది నీరు మాత్రం నగరపు మురుగుతో నల్లబడింది. కొన్ని పుణ్యదినాలలో చేపలను చంపరాదు, అమ్మరాదు అని అశోకుని అయిదవ స్తంభశాసనం నిషేధించింది. ఆ నిషేధం చెక్కిన రాయి ఈ నది మీదుగానే ఢిల్లీకి వచ్చింది. నేడు ఇక్కడి నీటిలో చేప బతకడమే దుర్లభం. ఫిరోజ్ షా చదవలేని ఆ పంక్తులను చదవగల విద్య ఈ తరానికి ఉన్నది. నదిని కాపాడే బాధ్యత కూడ ఈ తరానిదే.