నిఘంటువు మిగిలిన తీరము

దక్షిణ అమెరికా ఖండపు తుదిని, ఆర్జెంటీనా చిలీ దేశములు పంచుకొన్న తియెర్రా దెల్ ఫ్వేగో ద్వీపములయందు, వానయు చలిగాలియు నెడతెగని సముద్రపు పాయలలో, యమనలను జాతివారు చెట్టుబెరడు పడవలపై బ్రదుకు సాగించుచుండిరి. పడవ నడుమ మట్టిదిన్నెపై నిప్పు ఆరకుండ కాపాడుకొనుచుండగా, తెడ్లు వేయువారును, మంచువంటి నీట మునిగి ఆల్చిప్పలు తెచ్చువారును స్త్రీలే.

వీరికి సువార్త వినిపింప బూనిన ఆంగ్ల నౌకాధికారి ఆలెన్ గార్డినర్, 1844లో పాటగోనియా మిషన్ సంఘమును స్థాపించి, 1850 డిసెంబరున ఆరుగురు తోడివారితో పిక్టన్ ద్వీపమున దిగెను. తెచ్చిన తుపాకిమందు ఓడలోనే ఉండిపోయినదని ఓడ వెడలిపోయిన పిమ్మటగాని వారెరుగరైరి. భక్తికి కొదువలేదు; మూటలు సరిచూచుకొను ఓపికయే కొరవడినది. వేటకు మందులేక, ద్వీపవాసులకు వెరచి స్పానియార్డ్ రేవునకు తొలగి, 1851 సెప్టెంబరు నాటికి ఏడుగురును ఆకలికి అసువులు బాసిరి. గార్డినర్ దినచర్య కడపటి పుటలలో సైతము ఉన్నది దైవస్తుతియే.

1859లో ఆ ద్వీపములలోని వులైయాయందు ఆదివారపు ఆరాధనవేళ ఆ మిషన్‌వారే మరి ఎనమండుగురు హతులైరి. ఓడలో నిలిచిన వంటవాడొక్కడు చూచి బ్రతికెను. పెద్దలు నిరాశతో ఇంగ్లండు చేరగా, ఫాక్‌లాండ్ దీవులలోని కెప్పెల్ మిషన్‌నందు నిలిచినవాడు ఇరువదేండ్లైన నిండని థామస్ బ్రిడ్జెస్. శైశవమున వంతెనపై దొరికిన అనాథయనియు, అందుచేతనే ఆ పేరనియు చెప్పుదురు. 1871లో ఉషువాయాయందు కాపురము పెట్టిన ఈయన, ఒకనాడు డార్విను స్పష్టోచ్చారణయైనను లేనిదని ఈసడించిన యమన భాషనుండి 32,000 మాటలు కూర్చెను. లూకా సువార్తను ఆ భాషలోనికి దించి 1881లో అచ్చువేయించెను. డార్విను సైతము పిదప ఈ మిషన్‌కు చందా పంపెనట! పండితుల తొందరపాటునకు ఇంతకంటె మర్యాదగల ప్రాయశ్చిత్తము నేనెరుగను.

1884లో ఆర్జెంటీనా ప్రభుత్వపు ఓడలు జెండాతో వచ్చెను. వాటివెంట తట్టురోగమును వచ్చెను. ఆ రోగమునెన్నడు నెరుగని యమనలలో సగముకంటె నెక్కువమంది కూలిరి. మిషన్ బడియు తోటయు మిగిలినవిగాని, పాఠము చెప్పించుకొనువారు కరవైరి. బ్రిడ్జెస్ 1886లో పదవి విడిచి, ప్రభుత్వమిచ్చిన భూమిలో గొఱ్ఱెలు పెంచుకొనుచు 1898లో గతించెను.

ఆయన నిఘంటువు వ్రాతప్రతి చేతులు మారి, దానిని అంటార్కిటికా యాత్రికుడు డాక్టర్ కుక్ తన పేర వెలువరింపజూచెనన్న అపవాదు దాటి, 1933లో ఆస్ట్రియాయందు 300 ప్రతులుగా ముద్రితమయ్యెను. ఆ పుటలు విని తప్పొప్పులు చెప్పగల యమనలు నాటికి నూరుమందికి మించి లేరు.