ఆన్‌లైన్‌లో చిన్న గిరాకీని పసిగట్టడం: దుర్గి రాతి శిల్పాలు

కొనేవారు కొద్దిమందే అయినా ఫలానా వస్తువే కావాలని పట్టుబట్టి వెతికే బజారును నిష్ మార్కెట్ అంటారు. అలాంటివారు ఒకే ఊళ్లో దొరకరు. నరసరావుపేటలో ఒకరుంటే బెంగళూరులో ఇద్దరు, డల్లాస్‌లో ఒకరు ఉంటారు. వీళ్లంతా కలిసి ఒక వ్యాపారానికి సరిపడా మంది కావడం ఇంటర్నెట్ వచ్చాకే సాధ్యమైంది. వైర్డ్ పత్రిక సంపాదకుడు క్రిస్ ఆండర్సన్ 2004 అక్టోబరులో ‘ది లాంగ్ టెయిల్’ వ్యాసంలో ఈ సంగతినే వివరించాడు. దుకాణంలో చోటు తక్కువ కాబట్టి బాగా అమ్ముడయ్యే సరుకే అరల్లోకి చేరుతుంది. ఆన్‌లైన్‌లో ఆ ఇరుకు లేదు గనుక అరుదుగా అడిగే సరుకులన్నీ కలిపితే పెద్ద బేరమే అవుతుంది. అయితే ఆ అరుదైన కొనుగోలుదారు ఏం కోరుతున్నాడో ముందే తెలుసుకోవడం అంత తేలిక కాదు.

పల్నాడులో ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి దుర్గి రాతి శిల్పాలను మించిన ఉదాహరణ లేదు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో, మాచర్లకు దగ్గరలో ఉంది దుర్గి. మెత్తని సున్నపురాయితో ఇక్కడ చెక్కే శిల్పాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, అంటే నేటి నాగార్జునకొండలో, బౌద్ధ శిల్పాలు చెక్కిందీ ఈ ప్రాంతపు సున్నపురాతి మీదే.

శిల్పికి గిరాకీ తెలిసే పాత పద్ధతి చాలా నిక్కచ్చిగా ఉండేది. గుడి కమిటీవాళ్లు వచ్చి దేవుడి పేరు, ఎత్తు, ప్రతిష్ఠ ముహూర్తం చెప్పి బయానా ఇచ్చి వెళ్లేవారు. ఏం కావాలన్నది అక్కడికక్కడే తేలిపోయేది. ఆన్‌లైన్‌లో కొనే మనిషి ఎదురుగా నిలబడడు. ఫొటో చూసి, ధర చూసి, మాట్లాడకుండా వెళ్లిపోతాడు. ఎందుకు వెళ్లిపోయాడో అతను వదిలివెళ్లిన జాడల్లోనే వెతుక్కోవాలి.

మొదటి జాడ సెర్చ్ బార్. గూగుల్‌లోనో అమెజాన్‌లోనో ‘రాతి నంది’ అని టైప్ చేయడం మొదలుపెట్టగానే కింద వచ్చే సూచనలు చాలావరకు ఇతరులు వెతికిన మాటలే. జంట నాగులు, నాగశిల, నాగ ప్రతిమ అంటూ ఒకే శిల్పాన్ని ఒక్కొక్కరు ఒక్కో పేరుతో, తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ వెతుకుతారు కాబట్టి అన్ని రూపాలూ పరీక్షించాలి. గూగుల్ ట్రెండ్స్‌ను మాత్రం ఇక్కడ అతిగా నమ్మకూడదు. అది ఎంతమంది వెతికారో చెప్పదు. ఎంచుకున్న కాలంలో అత్యధిక స్థాయిని 100గా తీసుకుని మిగతావాటిని దానితో పోల్చి చూపుతుంది. వెతికేవారు మరీ తక్కువైతే చూపేందుకు సరిపడా డేటా ఉండదు. అంతమాత్రాన గిరాకీ లేదని శిల్పి చేతులెత్తేయనక్కర్లేదు.

ఇంతకంటే విలువైనవి కొనుగోలుదారుల ప్రశ్నలు, ఫిర్యాదులు. సాటి అమ్మకందారుల రాతి విగ్రహాలకు వచ్చిన రివ్యూల్లో ఐదు స్టార్లవాటిని వదిలి, రెండు మూడు స్టార్లవాటిని చదవాలి. అనుకున్నదానికంటే చిన్నగా ఉంది, చెవి విరిగి వచ్చింది, బరువు రాయలేదు వంటి మాటల్లో అసలు కోరిక బయటపడుతుంది. రాతి వ్యాపారంలో బరువు చిన్న విషయం కాదు. ఘనపుటడుగు సున్నపురాయి సుమారు 70 కిలోలు తూగుతుంది. అదే రాయి ఆరంగుళాల ఘనమైతే 9 కిలోలకు మించదు. శిల్పం పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సగానికి తగ్గితే బరువు ఎనిమిదో వంతుకు పడిపోతుందన్నమాట. కొరియర్ ఖర్చు బరువును బట్టే ఉంటుంది కాబట్టి అపార్ట్‌మెంట్ పూజగదికి పట్టే చిన్న కొలత అడిగేవారు ఎందరన్నది తప్పక తెలుసుకోవాలి.

‘రోజూ అభిషేకం చేసుకోవచ్చా?’ అన్నది విగ్రహం కొనేవారు అడిగే అవకాశమున్న మరో ప్రశ్న. సున్నపురాయిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. పులుపు తగిలితే అది కొద్దికొద్దిగా కరుగుతుంది. పెరుగు, నిమ్మరసం రోజూ పోస్తే నునుపు పోయి రాయి మసకబారుతుంది. గ్రానైట్‌కు ఈ బాధ లేదు. నిత్యాభిషేకం కోసం అడిగేవారికి ఈ సంగతి దాచకుండా చెప్పాలి. హాల్లో పెట్టుకునే బుద్ధుడి కోసమో గుమ్మం పక్కన నంది కోసమో వచ్చేవారు వేరే వర్గం. ఈ రెండు వర్గాలను విడదీసి చూడటమే పరిశోధనలో సగం పని.

నేరుగా మాట్లాడేటప్పుడు ‘ఇలాంటిది చెక్కితే కొంటారా?’ అని అడిగితే లాభం లేదు. ఎదుటివారిని నొప్పించడం ఇష్టం లేక చాలామంది కొంటామనే అంటారు. కిందటిసారి ఏ విగ్రహం కొన్నారు, ఎక్కడ కొన్నారు, ఎంత పెట్టారు, అందులో ఏం నచ్చలేదు అని జరిగినదాని గురించే అడగాలి. వివరాలు, ఫోన్ నంబర్లు రాసుకుంటే అనుమతి తీసుకోవాలి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది.

చివరి పరీక్ష డబ్బుతోనే జరుగుతుంది. మూడు కొలతల్లో ఒక్కో నమూనా చెక్కి, ఫొటోలో పక్కన స్కేలు పెట్టి, బరువు, ధర, చేరే గడువు రాసి కొంత అడ్వాన్సుతో ఆర్డర్లు తీసుకుంటే లైకులకూ నిజమైన కోరికకూ తేడా తెలిసిపోతుంది. ఆ పరీక్షకు సమయం కూడా చూసుకోవాలి. ఉదాహరణకు, నాగుల చవితి కార్తీక శుద్ధ చవితినాడు, అంటే దీపావళి దాటిన నాలుగో రోజున వస్తుంది. చెక్కడానికి, ప్యాక్ చేయడానికి, దూరప్రాంతాలకు పంపడానికి పట్టే రోజులు లెక్కేసుకుంటే జంట నాగుల ఆర్డర్లు శ్రావణంలోనే తెరవాలి.